ఖాళీ బండికి కట్టిన కిరాయి: రెండు రవాణా శాఖలకు ఒక ఉత్తరం

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్లకు,

నమస్కారం.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే "అది మా పరిధి కాదు, పక్క రాష్ట్రం వాళ్లను అడగండి" అని ఇద్దరి దగ్గర నుంచీ ఒకే జవాబు వస్తుందని అనుమానం. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎవరైనా కూడిక చూపించకుండా మొత్తం మాత్రం చెబితే నాకు నిద్ర పట్టదు. ఈ ఉత్తరం అలాంటి ఒక మొత్తం గురించే.

నేను ఉండేది హైదరాబాద్ కొత్తపేటలో. అమ్మ ఉండేది గుడివాడ అవతల ఒక పల్లెలో. పోయిన మార్చిలో అమ్మకు ఇక్కడే రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించాం. మూడు వారాలు మా ఇంట్లో ఉంది. నాలుగో వారం మొదలవగానే "నా ఇల్లు, నా మంచం, నా గేదె" అని పట్టుపట్టింది. ఎనభై ఏళ్ల మనిషి, వాకర్‌తో గది దాటడమే గొప్ప. బస్సు మెట్లు ఎక్కించే ప్రశ్నే లేదు. రైల్లో లోయర్ బెర్తు దొరికేదాకా ఆగుదామంటే ఆవిడ ఆగదు. కారు మాట్లాడటం ఒక్కటే దారి.

మా వీధి చివర ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లి అడిగాను. "గుడివాడ దాకా డ్రాపింగ్ కావాలి బాబూ, ఒకవైపే."

కుర్రాడు తల ఎత్తకుండానే అన్నాడు, "ఒకవైపు ఉండదు మేడమ్. రానూపోనూ కట్టాల్సిందే. బండి ఖాళీగా రావాలి కదా."

ఆ మాట నేను కాదనలేదు. బండి గాల్లో ఎగిరి రాదు, డీజిల్ తాగే వస్తుంది. దాని ఖర్చులో నా వాటా ఎంత అన్నదే నా సందేహం. మొత్తం వాటా నాదే అన్నాడు. ఇంకో రెండు చోట్ల అడిగినా అదే మాట, అదే రేటు. యాప్‌లలో చూస్తే ధర కొంచెం తగ్గినట్టే కనిపించింది కానీ, గుడివాడ దాటి పల్లెలోకి అనగానే "బండ్లు అందుబాటులో లేవు" అని వచ్చింది.

నా మేనల్లుడు ఇంకో దారి చెప్పాడు. "సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుందాం అత్తా, నేనే నడుపుతాను. నాకెలాగూ విజయవాడలో వారం రోజులు పనుంది, బండి అక్కడే అప్పజెప్పేస్తాను." అద్దె కంపెనీకి ఫోన్ చేశాడు. ఎక్కడ తీసుకున్న బండి అక్కడే అప్పజెప్పాలట. విజయవాడలో మీకు ఆఫీసు ఉంది కదా అంటే, ఉంది కానీ తెలంగాణ నంబరు బండిని అక్కడ కొత్తవాళ్లకు అద్దెకివ్వడం కుదరదని, దాన్ని మళ్లీ ఇక్కడికి తేవడానికి డ్రైవర్ని పంపాలని చెప్పారు. ఇది మీ నిబంధనో, వాళ్ల సాకో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. మీలో ఎవరైనా ఒక్క వాక్యంలో చెబితే రుణపడి ఉంటాను.

చివరికి ఆ మొదటి ట్రావెల్స్ బండే తీసుకున్నాం. తెల్లటి డిజైర్, పసుపు ప్లేటు. ముందు సీటు వెనక్కి జరిపి, కాళ్ల కింద దిండు పెట్టి అమ్మను కూర్చోబెట్టాం. డ్రైవర్ మంచి అబ్బాయి. గుంత కనిపిస్తే ముందే "అమ్మమ్మా, చిన్న కుదుపు" అని చెప్పేవాడు. అతని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదని ముందే రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు చివరికి డ్రైవర్ల నెత్తినే పడతాయని తెలుసు కనుక.

ఇక బిల్లు. పోను 318 కిలోమీటర్లు, రాను 318. మొత్తం 636. కిలోమీటరుకి 13 రూపాయల చొప్పున 8,268. డ్రైవర్ బత్తా 500. "టోల్, పర్మిట్" అని ఒకే వరసలో 1,750. వెరసి 10,518. నేను, అమ్మ కలిసి ప్రయాణం చేసింది 318 కిలోమీటర్లు. మిగతా 318 కిలోమీటర్లలో బండిలో ఎవరున్నారో చెబుతాను, వినండి.

ఇల్లు చేరాక ఆ అబ్బాయికి అన్నం పెట్టాను. తింటూ ఉండగానే ఫోన్ మీద ఫోన్. వాట్సాప్‌లో వాళ్లకొక గ్రూపు ఉందట. "విజయవాడ టు హైదరాబాద్, డిజైర్, నాలుగు సీట్లు ఖాళీ" అని అందులో పెట్టాడు. పెరుగన్నంలోకి వచ్చేసరికి ముగ్గురు కుదిరారు. చెయ్యి కడుక్కునేలోపు నాలుగో మనిషి. సీటు 700. ఎక్కే చోటు బెంజ్ సర్కిల్, దించే చోటు ఎల్బీనగర్.

"మరి ఖాళీగా వెళ్లాలనే కదా నాయనా నా దగ్గర రానూపోనూ తీసుకుంది?" అన్నాను.

సిగ్గుపడ్డాడు పాపం. "అది ఓనర్ లెక్క అమ్మా. ఇది నా లెక్క. ఇది ఆయనకు తెలియదు. తెలిస్తే సగం అడుగుతాడు. ఒక్కోసారి ఎవరూ దొరకరు, రాత్రి బండిలోనే పడుకుని పొద్దున్నే పోతా. ఆ బత్తా ఐదొందలే నాకు మిగిలేది."

చూశారా, ఒకే తిరుగు ప్రయాణం రెండుసార్లు అమ్ముడుపోయింది. మొదట నాకు, పూర్తి ధరకి. తర్వాత ఆ నలుగురికి, 2,800 రూపాయలకి. నాకు దక్కింది బిల్లు మీద ఒక అంకె. డ్రైవర్‌కి దక్కింది దొంగచాటు సంపాదన. ఓనర్‌కి దక్కింది ఖాళీ రాలేదని తెలియకుండానే ఖాళీ కిరాయి. మీ ఖాతాలో పడింది సున్నా. ఆ నలుగురు ఎవరో, వాళ్లకు ఏదైనా జరిగితే ఏ కాగితం చూపించాలో ఎవరికీ తెలియదు.

రానూపోనూ అనేది ఎవరు పెట్టిన సూత్రం? ట్రావెల్స్ వాళ్లు ఇది దేవుడు రాసినట్టు మాట్లాడతారు. నేను కాస్త వెతికాను. మీ ప్రభుత్వాల కాగితాల్లోనే వేరే సూత్రం కనిపించింది.

ఆర్టీసీని చూడండి. సంక్రాంతికీ దసరాకీ స్పెషల్ బస్సులు వేస్తారు. పోయేటప్పుడు కిక్కిరిసి పోతాయి, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తాయి. నా డిజైర్ కథే, కాకపోతే పెద్ద బండి. ఆ ఖాళీ డీజిల్ ఖర్చు కోసమే స్పెషల్ బస్సుల్లో టికెట్ ధరను 50 శాతం వరకు పెంచుకోవచ్చని 2003లో జీవో 16 ఇచ్చారు. తెలంగాణ ఆర్టీసీ ఇప్పటికీ పండగలప్పుడు ఆ జీవోనే చూపిస్తుంది. జీవో ఉమ్మడి రాష్ట్రం నాటిది, అంటే ఇద్దరికీ తాతగారి ఆస్తే. ఆ లెక్క ప్రకారం ఖాళీ తిరుగు ఖరీదు సగం. ఒకటికి ఒకటిన్నర.

టోల్ గేటుని చూడండి. మా దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర మూడు గేట్లు దాటాం. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం 24 గంటల్లో తిరిగొచ్చే బండికి రెండు టోళ్లు కాదు, ఒకటిన్నరే. ఫాస్టాగ్ వచ్చాక అది దానంతటదే తగ్గుతుంది. మా డ్రైవర్ మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి ఆ రాత్రే ఎల్బీనగర్ చేరాడు. 24 గంటలు కాదు కదా, 19 కూడా కాలేదు. నా బిల్లులో మాత్రం టోల్ ఎంత, పర్మిట్ ఎంత అని విడదీసి రాయలేదు కనుక ఆ సగం తగ్గింపు ఎవరి జేబులోకి పోయిందో నేను నిరూపించలేను. లెక్కల టీచర్‌కి ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఇంకొకటి. యాప్ క్యాబ్‌ల కోసం కేంద్రం 2020 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. బండి ఖాళీగా తిరిగిన దూరానికి ప్రయాణికుడి దగ్గర వసూలు చేయకూడదు, ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకే చార్జీ అని అందులో రాశారు. చిన్న దూరాలకు ఏదో మినహాయింపు ఇచ్చారు. అది ఊళ్లో తిరిగే యాప్ బండ్ల సంగతి, మా ఊరి ట్రావెల్స్‌కి వర్తించదు అంటారు, సరే. అయినా ఖాళీ కిలోమీటర్లు అనే మాట ప్రభుత్వానికి తెలుసు, దానికి ఒక హద్దు ఉండాలని కూడా తెలుసు. తెలియనిదల్లా కొత్తపేట ట్రావెల్స్‌కే.

ఇప్పుడు మీరిద్దరూ చేయగలిగిన పని. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద కాంట్రాక్ట్ క్యారేజీలకు, అంటే మనం మాట్లాడుకుని తీసుకెళ్లే కిరాయి బండ్లకు, చార్జీలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది. ఆటోలకు మీటరు రేటు మీరు నిర్ణయిస్తూనే ఉన్నారు. అలాగే ఒకవైపు డ్రాపింగ్‌కి ఖాళీ తిరుగు కిరాయి సగానికి మించకూడదని ఒక మాట రాయించండి. బిల్లు మీద పోను ఎంత, ఖాళీ తిరుగు ఎంత, టోల్ ఎంత, పన్ను ఎంత అని నాలుగు వరసలు విడివిడిగా ఉండాలని చెప్పండి. నా 8,268 అప్పుడు 6,201 అవుతుంది. ట్రావెల్స్ వాళ్లు కిలోమీటరు రేటు 13 నుంచి 15కి పెంచుతారు అంటారా? పెంచనివ్వండి. పెంచిన రేటు నాకు బోర్డు మీద కనిపిస్తుంది, నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాను. కనిపించని 318 కిలోమీటర్లను బేరమాడటం ఎలా?

వాళ్ల వాదన కూడా రాయాలి కదా, లేకపోతే అన్యాయం. మా పల్లె నుంచి మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్ వెళ్లే మనిషి ఎక్కడ దొరుకుతాడు? విజయవాడ కనుక దొరికారు. మణుగూరో, పాడేరో డ్రాప్ చేసిన బండి నిజంగానే ఖాళీగా వస్తుంది. ఒప్పుకుంటాను. అందుకే అన్ని దారులకూ ఒకే కొలత పెట్టమనడం లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి పెద్ద ఊళ్ల మధ్య దారులకైనా ముందు మొదలుపెట్టమంటున్నాను. ఆ దారుల్లో ఏ వేళప్పుడైనా బండి కోసం చూసేవాళ్లు ఉంటారు. ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్ కింద నిలబడి చూడండి, "విజయవాడ, విజయవాడ, ఒక్క సీటు" అని గొంతు చించుకునేవాళ్లు కనిపిస్తారు. ఆ ఒక్క సీటు ఎప్పటికీ నిండదు, అదొక వింత. మీరు ఎక్కి కూర్చున్నాక కూడా ఒక్క సీటే ఉంటుంది.

ఆ బండ్లలో చాలావాటికి తెల్ల ప్లేటు ఉంటుంది. ఓన్ బోర్డు బండ్లు. వాటికి టాక్సీ పర్మిట్ లేదు. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీలో కిరాయికి తిప్పకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. రేపు ఏ నార్కట్‌పల్లి దగ్గరో ప్రమాదం జరిగితే వెనక సీటులో 700 ఇచ్చి కూర్చున్న మనిషి కుటుంబం కోర్టుల చుట్టూ తిరగాలి. పసుపు ప్లేటు కట్టి, ఫిట్‌నెస్ చేయించి, పన్ను కట్టిన బండి మాత్రం ఎల్బీనగర్‌లో దర్జాగా నిలబడి మనుషుల్ని పిలవలేదు. మా డ్రైవర్ వాళ్లను బెంజ్ సర్కిల్ నుంచి కాస్త ముందుకు నడిచి రమ్మన్నాడు, హోటల్ పక్క సందులోకి. ఎందుకంటే బయట నిలబడితే ఫైన్ వేస్తారట. పన్ను కట్టినవాడు సందులో, కట్టనివాడు ఫ్లైఓవర్ కింద.

నిజానికి చట్టం ఇంత కఠినంగా లేదు. అదే 1988 చట్టం 2వ సెక్షన్‌లో కాంట్రాక్ట్ క్యారేజ్ అంటే ఏమిటో చెప్పేచోట, ప్రయాణికుల దగ్గర విడివిడిగా చార్జీ తీసుకున్నా సరే మోటార్ క్యాబ్ ఆ కోవలోకే వస్తుందని రాసి ఉంది. మోటార్ క్యాబ్ అంటే డ్రైవర్ కాక ఆరుగురికి మించని బండి. దారిపొడవునా ఆపి ఎక్కించుకుంటూ, దించుకుంటూ పోతే అది బస్సు పని, దాన్ని నేను అడగడం లేదు. విజయవాడలో ఎక్కి హైదరాబాద్‌లో దిగే నలుగురు తలా కొంత వేసుకుని ఒక బండి మాట్లాడుకుంటే, చట్టం దానికి మొహం ముడుచుకోలేదు. మనమే సందులోకి తోశాం.

కాబట్టి రెండో మనవి. ఎల్బీనగర్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి తిరుగు బండ్ల స్టాండు పెట్టండి. పసుపు ప్లేటు బండ్లకే. ఒక షెడ్డు, ఒక మరుగుదొడ్డి, మంచినీళ్లు, డ్రైవర్లు నడుం వాల్చడానికి నాలుగు మంచాలు. ఒక గుమస్తా బండి నంబరు, ఎక్కినవాళ్ల పేర్లు రాసుకుని రసీదు ఇస్తాడు. సీటుకి పది రూపాయలు మీరు తీసుకోండి, మాకేం బాధ లేదు. మంచాల మాట ఊరికే రాయలేదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో మామూలుగా రోజుకి ఎనిమిది గంటలే పని అని ఉండేది. మా డ్రైవర్ తెల్లవారుజామున నాలుగింటికి ఇంటి నుంచి బయల్దేరాడు, రాత్రి పదిన్నరకు ఎల్బీనగర్ చేరానని నాకు మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ వచ్చేదాకా అమ్మ పడుకోలేదు. "ఆ పిల్లాడు చేరాడా?" అని మూడుసార్లు అడిగింది.

ఇలా సీట్లు అమ్మితే ఆర్టీసీ ఆదాయం పోతుందని మీ దగ్గర ఎవరో ఒకరు అభ్యంతరం పెడతారు. వాళ్లకు నా మనవి ఒక్కటే. ఆ ఆదాయం ఇప్పటికే పోతోంది, తెల్ల ప్లేట్ల వైపు. మా అమ్మలాంటి వాళ్లు ఆర్టీసీ ఎక్కలేకే కారు మాట్లాడతారు, ఆ కారు తిరిగొచ్చేటప్పుడు నిండినా, నిండకపోయినా రోడ్డు మీదకి వస్తుంది.

ఇక సరిహద్దు. కోదాడ దాటాక డ్రైవర్ బండి పక్కకు ఆపి ఫోన్లో ఏదో చూసుకుని "పర్మిట్ అమ్మా" అన్నాడు. బండి తలుపు మీద చూస్తే టూరిస్ట్ వాహనమని రాసే ఉంది. ఆలిండియా పర్మిట్ ఉన్న బండా, లేదా? ఉంటే మళ్లీ ఇది దేనికి? రసీదు అడిగితే ఓనర్ ఫోన్‌కి వచ్చిందన్నాడు. ఓనర్‌ని అడిగితే డ్రైవర్ దగ్గరుందన్నాడు. ఆ రసీదు ఇప్పటికీ సరిహద్దులోనే తిరుగుతున్నట్టుంది. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ల మీద కేంద్రం 2021లో ఒకసారి, 2023లో ఇంకోసారి నిబంధనలు మార్చింది. ఏ బండి ఎంత కట్టాలి, ఏ బండి ఏమీ కట్టక్కర్లేదు అన్నది సరిహద్దుకు అటూ ఇటూ పెద్ద అక్షరాలతో, తెలుగులో, ప్రయాణికుడు బండిలోంచే చదువుకునేలా ఒక బోర్డు పెట్టండి. బండి నంబరు కొడితే ఆ రోజు పన్ను కట్టిందీ లేనిదీ ఎవరికైనా కనిపించే ఏర్పాటు చేయండి. కట్టని పన్ను నా బిల్లులో ఎక్కకుండా ఉండటానికి అది చాలు.

2014 జూన్ 2కి ముందు ఈ తంటా లేదు. కొత్తపేట నుంచి గుడివాడకు పోవడమంటే ఒకే రాష్ట్రంలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి పోవడం. 2015 ఏప్రిల్ నుంచి పన్నుల లెక్కలో పక్క రాష్ట్రం బండి పక్క రాష్ట్రం బండే అయింది. రోడ్డు అదే, సూర్యాపేట దగ్గర టీ అదే, నంబరు ప్లేట్ల మీద అక్షరాలే ఏపీ నుంచి టీఎస్, టీఎస్ నుంచి టీజీ అయ్యాయి. విడిపోవడం తప్పని నేను అనను, అది నా విషయం కాదు. విడిపోయిన అన్నదమ్ములు కూడా బావి దగ్గర ఒక లెక్క రాసుకుంటారు. మీరు రాసుకున్నారు కూడా. కరోనా లాక్‌డౌన్ తర్వాత రెండు రాష్ట్రాల మధ్య నెలల తరబడి ఆర్టీసీ బస్సులే తిరగలేదు, గుర్తుందా? 2020 నవంబరు 2న ఒప్పందం కుదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ బస్సులు 1,61,258 కిలోమీటర్లు, తెలంగాణలో ఆంధ్రప్రదేశ్ బస్సులు 1,60,999 కిలోమీటర్లు. తేడా 259 కిలోమీటర్లే. ఆ అంకెలు పేపర్లో చదివి, నా పాత విద్యార్థులెవరో ఆ ఆఫీసులో ఉండి ఉంటారని మురిసిపోయాను. బస్సులకు అంత నిక్కచ్చిగా కుదిరిన లెక్క, నాలుగు సీట్ల కారుకి ఎందుకు కుదరదు? ఈ రాష్ట్రం టాక్సీ ఆ రాష్ట్రంలో దించి, అక్కడి మనుషుల్ని ఎక్కించుకుని రావడానికి ఏడాదికి ఒకసారి కట్టే ఒకే పన్ను పెట్టండి. రెండు ఖజానాలూ సగం సగం పంచుకోండి.

సెల్ఫ్ డ్రైవ్ గురించి ఒక్క మాట. అద్దెకిచ్చే కార్ల వ్యాపారానికి ఆధారం 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండేవి ఆ బండ్లే. లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలి. 50 కార్లు కొనగలిగినవాడు పెద్ద కంపెనీ. గుడివాడలో రెండు కార్లున్నవాడు నిజాయితీగా లైసెన్సు తీసుకునే దారే లేదు, కనుక తెల్ల ప్లేటు బండిని తెలిసినవాళ్లకు ఇస్తున్నట్టు ఇస్తాడు. ఆ పథకాన్ని మార్చేది కేంద్రమని తెలుసు. మార్చమని ఢిల్లీకి రాసేది మీరే కదా. చిన్నవాళ్లు ఒకరితో ఒకరు కలిసి లైసెన్సు తీసుకునే వీలుంటే, హైదరాబాద్‌లో తీసుకున్న బండి విజయవాడలో ఇచ్చేయడం, అక్కడి నుంచి వచ్చేవాడు దాన్నే తేవడం కష్టమేమీ కాదు. డల్లాస్‌లో ఉండే మా పెద్ద చెల్లెలి కూతురు అక్కడ కారు తీసుకుని హ్యూస్టన్‌లో వదిలేస్తుంది. వేరే ఊళ్లో వదిలినందుకు అదనంగా ఎంతో, బండి ముట్టుకోకముందే తెరమీద కనిపిస్తుందట. కొన్ని దేశాల్లో బండ్లు ఒకే ఊళ్లో పోగుపడితే వాటిని వెనక్కి చేర్చేవాళ్లకు రోజుకి ఒక్క డాలరుకే ఇస్తారు. ఖాళీగా రావడం నష్టమని తెలిసిన వ్యాపారి చేసే పని అది. మన దగ్గర ఖాళీగా రావడమే లాభం, ఎవరో ఒకరు ముందే కట్టేశారు కనుక.

ట్రావెల్స్ యజమానులు కూడా ఇది చదివితే వాళ్లకొక మాట. మీ పిల్లలు కూడా నా క్లాసులో కూర్చున్నవాళ్లే అయ్యుంటారు. మీ డ్రైవర్ తిరుగులో సీట్లు అమ్ముతున్నాడని మీకు తెలిసే ఉంటుందని, డ్రైవర్లు ఏమనుకున్నా, నా అనుమానం. తెలియనట్టుంటారు, ఎందుకంటే ఆ డబ్బు వస్తోంది కనుక జీతం తక్కువిచ్చినా అతను నోరెత్తడు. బుక్ చేసేటప్పుడే "తిరుగులో మనుషులు దొరికితే మీకు ఇంత తగ్గిస్తాం" అని నాలాంటివాళ్లకు చెబితే, నేనే మా బంధువుల్లో అటు వెళ్లేవాళ్లకు ఫోన్లు చేసి ఇద్దర్ని పట్టిచ్చేదాన్ని. మా ఆడపడుచు ఆ రోజే విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చింది, బస్సులో, నిలబడి. నేను పూర్తి కిరాయి కట్టిన బండి ఆవిడ బస్సు వెనకో ముందో అదే రోడ్డు మీద వచ్చి ఉంటుంది.

అమ్మకు జూన్‌లో మళ్లీ చెకప్ ఉంది. ఈసారి బండి గుడివాడ నుంచి మాట్లాడాలి. నిన్న అక్కడి ట్రావెల్స్‌కి ఫోన్ చేసి, "హైదరాబాద్ దాకా ఒకవైపే బాబూ" అన్నాను.

"రానూపోనూ కట్టాలండీ" అన్నాడు. "బండి ఖాళీగా రావాలి కదా."

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల టీచర్,
కొత్తపేట, హైదరాబాద్